గంగమ్మ గంప తిరిగిన దారి

నాలుగు రోజుల నడకలో రెండో రోజు తాతారావు దారి తప్పాడు. ఆ మాట నా నివేదికలో రాయనని నేను ఒకావిడకి మాటిచ్చాను. ముప్పై నాలుగేళ్లు సోషల్ టీచరుగా చేసి, కాపీ కొట్టిన పిల్లల చెవులు ఎర్రబడేలా మెలిపెట్టినదాన్ని, అరవై రెండో ఏట ఒక మగాడి పరువు కోసం కాగితం మీద అబద్ధం రాయడానికి ఒప్పుకున్నాను. సిగ్గుపడాల్సిన సంగతే. అయినా చెబుతాను. ఎందుకంటే ఆ నడకలో తప్పు చేసింది తాతారావు ఒక్కడే కాదు.

నా పేరు సత్యవేణి. మాది టెక్కలి. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన గౌతమి విశాఖలో ఉద్యోగం మానేసి వచ్చి ‘ఉద్దానం నడక’ అని ఒకటి మొదలుపెట్టింది. తేలినీలాపురంలో కొంగలు గూళ్లు కట్టే చింతచెట్ల దగ్గర బయల్దేరి, నౌపడా ఉప్పుమడుల గట్ల మీద నడిచి, భావనపాడు దగ్గర సముద్రాన్ని అందుకుని, అక్కణ్ణించి ఇసకదిబ్బలూ మొగలి డొంకలూ జీడితోటలూ పట్టుకుని బారువ దాకా వెళ్లాలి. బట్టల సంచులు వ్యాన్లో ముందు వెళ్తాయి, మనుషులు వెనక నడుస్తారు. డబ్బిచ్చి మరీ కాళ్లు నొప్పి పెట్టుకునేవాళ్లు ఉంటారా అని నేను నవ్వాను. ఆరుగురు దొరికారు.

ఈ నేల ఎంత పాతదో దారిలో చెప్పడానికి నన్ను రమ్మంది గౌతమి. ఇంకో పని కూడా అప్పగించింది. డిసెంబరులో చేసిన ఆ మొదటి నడక ఒక పరీక్ష. దారి చూపించే మనిషిని ఖాయం చేయాలా వద్దా అన్నది నేను రాసిచ్చే కాగితాన్ని బట్టి తేలుతుంది. “మీకైతే మొహమాటం ఉండదు కదా టీచర్,” అంది. పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తెలీదు.

ఆ మనిషి తాతారావు. మొగపేట అని ఒడ్డు మీద చిన్న ఊరు వాళ్లది. పదహారో ఏట తెప్ప ఎక్కాడు, యాభై తొమ్మిదో ఏట బోటు దిగాడు. దిగాడనడం కంటే దింపేశారనడం నిజం. కాళ్లు వాచి ఆసుపత్రికి వెళ్తే రక్తం పరీక్ష చేసి, కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయనీ, ఎండలో నీళ్లు చాలకుండా రోజుల తరబడి సముద్రం మీద ఉంటే ఆ సగమూ మిగలదనీ చెప్పారు. ఉద్దానంలో ఆ మాట చెవిన పడని ఇల్లు అరుదు. బోటు మేనల్లుడి చేతిలో పెట్టేసి తాతారావు ఒడ్డున కూర్చున్నాడు. తెల్లారగట్ల బోట్లు వెళ్లేటప్పుడు కూర్చుంటే అవి తిరిగొచ్చేదాకా లేచేవాడు కాదు. ఏడాదిన్నర అదే వరస.

ఈ ఒడ్డు బాగా తెలిసినవాళ్లెవరని గౌతమి ఆ ఊళ్లో అడిగితే, ఊరంతా ఆయన వైపే వేలు చూపించింది. ఆ మర్నాడు ఆయన గడ్డం గీయించుకున్నాడట. ఈ పని దొరికితే మళ్లీ మనుషుల్లో పడతాడు. దొరక్కపోతే మళ్లీ ఆ ఇసక మీదకే వెళ్లి కూర్చుంటాడు. ఆయన సంగతి అలా నా పెన్ను చివర వేలాడుతోందని నాకు మొదటి రోజు తెలీదు.

మొదటి రోజు ఆయన పరీక్ష రాసిన తీరుకి నూటికి నూరు వేసేదాన్ని. తేలినీలాపురంలో మాత్రం కాస్త మొహం ముడుచుకున్నాడు. ఎర్రకాళ్ల కొంగలూ గూడబాతులూ చింతకొమ్మల మీద కిక్కిరిసి ఉన్నాయి. “ఎక్కడెక్కడి నుంచో వస్తాయి తాతారావ్, ఎంత దూరమో చూడు,” అని నేను మురిసిపోతుంటే, “మా సేపలు తినడానికే కదమ్మా,” అన్నాడు. ఉప్పుమడుల గట్ల మీద నోరెత్తకుండా నడిచాడు. భావనపాడు దాటి ఒడ్డెక్కాక మనిషి మారిపోయాడు. సముద్రానికి వీపు పెట్టి నిలబడి, మమ్మల్నీ అలాగే నిలబెట్టాడు. వాయవ్యం మూల దూరంగా మహేంద్రగిరి నీలంగా ఉంది.

“అదుగో కొండ ముక్కు. దాని కింద జంట తాడిసెట్లు సూడండి. బోటు మీంచి సూసినప్పుడు ఆ ముక్కూ ఈ తాళ్లూ ఒకదాని మీదొకటి ఆనినాయనుకో. అటేపు సరుగుడు తోపు కొన గుడి సికరాన్ని తాకినాదనుకో. సరిగ్గా కింద బండ ఉన్నట్టు. అక్కడ వలేత్తే కోనాం సేప. నాలుగు బారలిటు జరిగితే ఉత్త నీల్లే.”

మా గుంపులో ఢిల్లీరావు అని పలాసలో మందుల షాపు ఉన్నాయన ఒకడు. రోజుకెన్ని అడుగులు వేశాడో ఫోన్లో గంటగంటకీ చూసుకునేవాడు. “ఇప్పుడు జీపీఎస్ ఉంది కదా,” అన్నాడు.

“ఉన్నాది బాబూ. దానికి సార్జింగ్ అయిపోతాది. కొండకి అవ్వదు.”

అందరం నవ్వాం. తర్వాత నేను నా పాఠం చెప్పాను. ఆ తూర్పు కనుమలు హిమాలయాల కంటే పాతవి. ఒడ్డు వెంట వరసలు వరసలుగా ఉన్న ఈ ఇసకదిబ్బలు ఒకప్పటి సముద్రపు అంచులు. సముద్రం వెనక్కి జరిగినప్పుడల్లా ఒక వరస వదిలిపెట్టి వెళ్లింది. ఇవాళ జీడితోటలున్న ఇసక మీద ఒకప్పుడు అలలు విరిగాయి. ఫోటోలు తీసుకుంటున్నవాళ్లు కూడా ఆపి విన్నారు. తాతారావు తిరిగి ఆ తోటల కేసి అనుమానంగా చూశాడు. “అటేపు కూడా సముద్రముండీదా!” అన్నాడు. అటువైపు ఆయన ఎప్పుడూ వెళ్లలేదని నాకప్పుడు తట్టలేదు.

సాయంత్రం దిబ్బ పల్లంలో, మొగలి డొంక పక్కన, రెండు చేతులతో ఇసక తోడి చెలమ తీశాడు. మోచేయి లోతుకే నీళ్లు ఊరాయి. సముద్రానికి వంద అడుగుల దూరంలో, నాలుక మీద వేసుకుంటే ఉప్పు జాడ లేదు. అందరికీ దోసిట్లో పోసి, తన వంతు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి కొలిచి తాగాడు. రోజుకింతే తాగాలని డాక్టరు లెక్క చెప్పాడట.

రెండో రోజు ఒడ్డు వెంటే నడిచి మధ్యాహ్నానికి భోజనం ఏర్పాటు చేసిన ఊరు చేరాలి. రెండు గంటలు నడిచాక ఒక గెడ్డ అడ్డొచ్చింది. గెడ్డ సముద్రంలో కలిసే చోటు మామూలుగా ఇసకతో మూసుకుపోయి ఉంటుందట. వారం కిందటి వానకి ఆ ఇసక తెగి, మనిషి లోతు నీళ్లు పారుతున్నాయి. “లోపల్నించి సుట్టు తిరిగి ఎల్దాం,” అని తాతారావు ధైర్యంగా దిబ్బెక్కి జీడితోటల్లోకి దిగాడు. ఆయన వెనక మేమూ దిగాం.

జీడితోటలో పదడుగులు వేస్తే సముద్రం కనబడదు. వంద వేస్తే వినబడదు. కొమ్మలు నేల మీదకి వంగి, ఎటు చూసినా ఒకే నీడ, ఒకే ఇసక, ఒకే ముళ్లకంచె. తాతారావు మాటిమాటికీ తలెత్తి దూరంగా చూస్తున్నాడు. కొండ కోసం. ఆ కొమ్మల్లోంచి కొండెక్కడ కనిపిస్తుంది? ఒక కొబ్బరిచెట్ల గుంపు దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. సముద్రం మీంచి చూస్తే ఆ గుంపుని నిద్రలో కూడా పోల్చుకుంటాడు. వెనక నుంచి అది ఏ గుంపో ఆయనకి తెలీదు. బోటు మీంచి ఆనుకుని ఉన్నట్టు కనిపించే రెండు తోటల మధ్య, నడిచి చూస్తే మైలు దూరం ఉంది. దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు.

గంటన్నర గడిచాక, ఒక విరిగిన జీడికొమ్మ పక్కన ఇసకలో నా చెప్పుల జాడ నాకే ఎదురొచ్చింది. లెక్క రాని పిల్లాడు బోర్డు ముందు నిలబడినప్పుడు మెడ వెనక పట్టే చెమట నాకు బాగా తెలుసు. తాతారావు మెడ మీద అదే చెమట. ఢిల్లీరావు ఫోన్లో మ్యాపు తెరిచి, “పచ్చరంగు తప్ప ఇందులో ఏమీ లేదండీ,” అంటున్నాడు. “సెట్టు నీడని కాసేపు కూకోండి, ఇక్కడ సల్లగుంటాది,” అని తాతారావు అందరినీ కూర్చోబెట్టి, కంచె అవతలికి వెళ్లి ఫోన్ తీశాడు. నేను నీళ్ల సీసా ఇచ్చే నెపంతో వెనకాలే వెళ్లాను. నాకు మొహమాటం లేదని గౌతమి అన్న మాట అబద్ధం కాదు.

నలభై ఏళ్లు బోటు ఇంజను పక్కన బతికిన మనిషి, చెవి మందం. ఫోన్ స్పీకర్లో పెట్టే మాట్లాడతాడు.

“ఏటే, నానెక్కడున్నానో తెలడం లేదే.”

అవతల నుంచి ఆడగొంతు, తాపీగా వచ్చింది. “నీ సుట్టూ ఏటున్నాదో సెప్పు.”

“జీడిసెట్లు.”

“ఓలమ్మ! ఉద్దానంలో ఇంకేటుంటాది! నుయ్యేదైనా ఉన్నాదా?”

“ఉన్నాది. గిలక్కి నీలం రంగేసినారు.”

“అయితే వరాలమ్మోల నుయ్యి. ఆవిడ నెత్తళ్ల సేప తప్ప కొనదు. నూతికి కుడి సేతేపు కంచెలో మనిసి పట్టీ కంత ఉంటాది, దూరు. దూరినాక పెంకుటిల్లు. కుక్కుంటాది. అరుత్తాది గానీ కరవదు. రాజూ అని పిలు. ఆ ఇంటోలు ఎండుసేపకి బేరమాడతారు, పచ్చిసేపకి ఆడరు.”

“బేరాలెందుకే ఇప్పుడు! దారి సెప్పు.”

“అదే దారి మావా. నాకలాగే తెలుసు.”

తాతారావు ఫోన్ జేబులో పెట్టుకుని ఇటు తిరిగి నన్ను చూశాడు. “మా ఆడది గంగమ్మ,” అన్నాడు. “సేపల గంపట్టుకుని తిరిగీది.” నా చేతిలో సీసా ఉందని కూడా గమనించకుండా వెళ్లిపోయాడు.

నీలం గిలక, కంచెలో కంత, రాజు అనే కుక్క, ఎండుసేపకి బేరమాడే ఇల్లు. ఒకటి తర్వాత ఒకటి, ఆవిడ చెప్పినట్టే వచ్చాయి. గుంపులో వాళ్లకి ఏ అనుమానమూ రాలేదు. లోపలి తోటలు చూపించడానికే తిప్పుతున్నాడనుకుని తాతారావుని మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటూ ఆయన ఇంకా తల దించుకున్నాడు.

భోజనాల ఊళ్లో మేం విస్తళ్ల ముందు కూర్చుంటుండగా ఒక ఆటో వచ్చి ఆగింది. పొట్టి మనిషి ఒకావిడ దిగింది. యాభై అయిదు దాటి ఉంటాయి. నడినెత్తిన జుట్టు పలచబడి మాడు కనిపిస్తోంది, గంప మోసిన చోటు అది. “మందులు మర్సిపోనావు మావా, ఎలగెల్తావో నాను సూత్తాను!” అని అందరికీ వినపడేలా అరిచి ఒక పొట్లం అందించింది. ఆయన మందులు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి. పొద్దున్న మింగుతుంటే నేను చూశాను.

చేతులు కడుక్కునే చోట ఆవిడ నన్ను పట్టుకుంది.

“టీచరమ్మా, మీరేటో రాసిత్తారంట.”

“రాస్తాను.”

“తప్పిపోనాడని రాయకండమ్మా, మీకు దండం పెడతాను. ఒడ్డున కూకుని కూకుని మనిసి ఎండిపోనాడు. కూడెడితే తింటాడు, లేపోతే అడగడు. ఈ పని వత్తాదనీసరికి మల్లీ మనిసిలాగయినాడు. ఇకనించి నానెనకాల వత్తాను. దారి నాను సెప్తాను. పేరు ఆయనదుండనీండి.”

నాకు ఒళ్లు మండింది. “నీకు తెలిసిన దారికి ఆయన పేరేంటమ్మా?”

“నాకు పేరెందుకమ్మా. నాకందరూ తెలుసు.”

సరే రాయనులే అన్నాను. అన్నాక చాలాసేపు నా మీద నాకే కోపం వచ్చింది. ఈ ఒడ్డు ఎవరికి తెలుసని అడిగితే ఊరు మగవాణ్ణి చూపించింది. గౌతమి నమ్మింది, నేనూ నమ్మాను. మత్స్యకారుల ఆడవాళ్లు గంపలెత్తుకుని రోజూ లోపలి ఊళ్లకి నడుస్తారని మాకు తెలియదా? చిన్నప్పటి నుంచి వాళ్ల దగ్గరే కొంటున్నాం. వాళ్లకి చేపలు తెలుసనుకున్నాం గానీ దారులు తెలుసనుకోలేదు. పాఠాలు చెప్పినంత మాత్రాన బుద్ధి రాదు.

మూడో రోజు పేరుకి తాతారావు ముందు నడిచాడు. ఒకడుగు వెనక గంగమ్మ. దారి చీలే ప్రతిచోటా గొంతు తగ్గించి “ఎడం సేతేపు” అనేది. ఆయన అప్పుడే తోచినట్టు ఎడమకి తిరిగేవాడు. ఈ నాటకం మొదటి ఊరు దాకానే సాగింది. ఊరు రాగానే అరుగుల మీంచి, నూతుల దగ్గర్నుంచి, పనసచెట్ల కింద నుంచి కేకలు మొదలయ్యాయి. “ఓలి గంగమ్మా! మోకాళ్లు బాగయినాయేటి? ఇప్పుడు ఐసు పెట్టి ఆటోలో తెత్తన్నారు, ఆ సేపకి రుసే లేదు!” ఒకావిడ మా అందరికీ మునక్కాయలు ఇవ్వబోయింది. ఇంకొకావిడ తన కోడలి కాన్పు కబురు మొదలుపెట్టి, మేం పది గజాలు దాటాక కూడా వెనక నుంచి చెబుతూనే ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. గంగమ్మకి ఆ తోటల్లో పదకొండు ఊళ్లు మంచివి.

పొద్దెక్కుతున్నకొద్దీ తాతారావు నడక మెల్లబడింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అదేం కాదు, ఆయన భార్యని అడుగుతున్నాడు.

“ఇక్కడికి మనూరి నుంచి ఎంత దూరమే?”

“మూడు కోసులుంటాది.”

“నువ్వు పక్కూరి సెంటర్లో అమ్ముకుని వచ్చీసేదానివనుకున్నాను.”

“సెంటర్లో ఎవులు కొంటారు? అందరి గంపలూ అక్కడే.”

“రోజూనా?”

“సేప పడిన రోజు.”

తాతారావు అలవాటు చొప్పున కొండ కోసం ఒకసారి తలెత్తాడు, మళ్లీ దించి దారి చూస్తూ నడిచాడు.

ఆ మధ్యాహ్నం ఆగింది బొడ్డమ్మ ఇంట్లో. పెద్ద రైతు కుటుంబం, డెబ్బై అయిదేళ్ల మనిషి, వీధివసారాలో జీడిపిక్కల రాశి పక్కన కూర్చుని ఉంది. గంగమ్మని చూడగానే లేచి లోపలికి వెళ్లి, కాలొకటి అతుకేసిన చెక్కపీట ఒకటి తెచ్చి వేసింది. కొబ్బరిబోండాలు కొట్టించింది. తర్వాత తాతారావుని ఎగాదిగా చూసింది.

“ఈయనేనా నీ మొగుడు? ఆ మూడ్రోజుల తరవాత బతికొచ్చినాయన?”

గంగమ్మ కంగారుగా, “అప్పటి మాటలెందుకమ్మా ఇప్పుడు,” అంది.

బొడ్డమ్మ ఆగే రకం కాదు. మా వైపు తిరిగి చెప్పింది. “బోటు ఇంజను సెడిపోయి ఈయన మూడ్రోజులు రానేదు. ఆ మూడ్రోజులూ ఇది వచ్చినాది. ఎవులో పట్టిన సేపలు గంపకెత్తుకుని. ఈ పీట మీద కూకుని ఏడిసీది. ఏడిసి, ఏడిసి, మొకం కడుక్కుని ఎల్లిపోయీది. మీ ఊళ్లో ఏడవడానికి సోటు లేదేటే అని అడిగినాను కూడా.”

తాతారావు బోండాం కింద పెట్టేశాడు.

గంగమ్మ నేల చూస్తూ, నాతో చెప్పినట్టుగా చెప్పింది. “మగోలు సముద్రం మీద ఉండగా మా ఊళ్లో ఆడది ఏడవకూడదమ్మా. ఏడిత్తే బోటు రాదంటారు. మా అత్త గుడ్లురిమి సూత్తా కూకునీది. ఇక్కడికైతే సముద్రం కనపడదు కదా. ఇక్కడ ఏడిత్తే పరవాలేదనుకున్నాను.”

తాతారావు నా వైపు తిరిగాడు. “మేం ఒడ్డుకొచ్చిన రోజు నా తోటోళ్ల ఆడోలు ఇసక మీద పడి ఏడిసినారు టీచరమ్మా. ఇది మాత్రం గంజి గిన్ని పట్టుకుని నిలబడినాది. కంట్లో సుక్క లేదు. నాను సచ్చినా దీనికి ఒకటే, బతికినా ఒకటే అనుకున్నాను. పదమూడేళ్లు మనసులో ఎట్టుకున్నాను.” ఆయన ఆ పీట కేసి చూశాడు. “అడగలేదు. నానడగలేదు, ఇది సెప్పలేదు.”

“ఏడుపంతా ఇక్కడే అయిపోనాది మావా,” అంది గంగమ్మ. “అక్కడికొచ్చీసరికి ఏటి మిగుల్తాది?”

ఢిల్లీరావు ఆ రోజు అడుగుల లెక్క చూసుకోవడం మర్చిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

నాలుగో రోజు మళ్లీ ఒడ్డు. సరుగుడు తోపులు దాటి, ఇసక గట్టిగా ఉన్న తడిగీత పట్టుకుని నడిచాం. తాతారావు ఆ పూట గురుతులేవీ చూపించలేదు. అడిగినవాళ్లకి పొడిగా జవాబు చెప్పాడు. బారువ చేరేసరికి సాయంత్రం నాలుగు. గౌతమి వేడి బజ్జీలూ టీ ఫ్లాస్కూ పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు తాతారావుని పొగిడారు. ఫోటోలు దిగారు. గౌతమి సంచిలోంచి మెడలో వేసుకునే కార్డు తీసింది, ఆయన ఫోటో అంటించి సిద్ధంగా ఉంది. తీసి నా వైపు చూసింది.

“ఏమంటారు టీచర్?”

నేను కాగితం విప్పాను. “మంచి మార్గదర్శి. దారి మీద పూర్తి పట్టు...” అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే నచ్చలేదు.

“ఆగండి టీచరమ్మా,” అన్నాడు తాతారావు. “నాను రెండో రోజు తప్పిపోనాను.”

టీ తాగుతున్నవాళ్లు ఆగారు.

“ఫోన్లో మా ఆడది దారి సెప్పినాది. నిన్నంతా ఎనక నుంచి సెప్పినాది. ఈ నేలని నలభై ఏళ్లు సూసినాను బాబూ, సముద్రం మీంచే సూసినాను. సేపెక్కడుందో తెలుసుకోడానికి సూసినాను. దాని మీద మనుసులుంటారని, నా ఆడది నడిసెల్తాదని సూడలేదు. దారి దానిది. కార్డు దానికియ్యండి.”

గంగమ్మ ఆయన మీద విరుచుకుపడింది. “నానింత సేసింది ఇందుకేనా? నోరు మూసుకుని కూకోలేవా? మల్లీ ఒడ్డున సచ్చినట్టు కూకుంటావా? నీ మీద బెంగతో నిద్దర నేక సత్తన్నాను నాను!” చుట్టూ కొత్తవాళ్లున్నారని కూడా చూడలేదు.

“నోరు మూసుకుని ఆ కార్డేసుకుంటే, రేపు బొడ్డమ్మకి ఏ మొకం సూపించనే?” అన్నాడు తాతారావు. ఆ మాట మాత్రం నెమ్మదిగా అన్నాడు.

గౌతమి ఏమీ అర్థం కాక నన్ను చూసింది. నేను కాగితం మడిచి సంచిలో పడేసి, రెండో రోజు నుంచీ జరిగింది జరిగినట్టు చెప్పాను. నన్ను నేను తిట్టుకుని, వరసలో ఆ పిల్లనీ నాలుగు తిట్టాను. అది నా శిష్యురాలు, పడింది. అంతా విన్నాక కార్డు తిరిగి సంచిలో పెట్టేసి, “ముందొకరు, వెనకొకరు ఉండాలి టీచర్. ఇద్దరూ కావాలి,” అంది. “ముందెవరుంటారు?”

“ఒడ్డు మీద నాను,” అన్నాడు తాతారావు. “తోటల్లోకి దిగినాక అది. నానెనక నడిసి నేర్సుకుంటాను.”

గంగమ్మ ముక్కు చీదుకుని, “ఆలస్సెం కాలేదూ!” అంది. కానీ వద్దనలేదు.

తర్వాత వారం వారం నడకలు జరిగాయి. తోటల్లో గంగమ్మ ముందు, ఆఖరున తాతారావు, చేతిలో నీళ్ల డబ్బా. ఎవరిల్లు ఏ మలుపులో ఉందో, ఎవరింట్లో మజ్జిగ పుల్లగా ఉంటుందో, ఏ కంచె తలుపు ఎత్తి తియ్యాలో పాఠంలా అప్పజెప్పేవాడు. తప్పు చెబితే గంగమ్మ ముందు నుంచే అరిచేది. ఫిబ్రవరిలో హరిశ్చంద్రపురంలో ఉన్న వాళ్లమ్మాయికి కాన్పయింది. గంగమ్మ అక్కడికి వెళ్లింది. ఆ వారం తోటల్లో కూడా తాతారావే ముందు నడవాల్సి వచ్చింది. నేను వెనక నడుస్తానని గౌతమికి చెప్పి బయల్దేరాను. నిజం చెప్పాలంటే, తప్పిపోతే ఎలాగా అని భయం.

తప్పిపోలేదు. కొండ కోసం తలెత్తనే లేదు. ఊరు ఊరునా కేకలు మాత్రం మామూలే. “అదుగో, గంగమ్మ మొగుడొచ్చినాడు!” భావనపాడు నుంచి బారువ దాకా ఏ ఒడ్డున అడిగినా బోటు సరంగు తాతారావు అని అందరూ చెప్పుకునే మనిషి. “ఔను, గంగమ్మ మొగుణ్ణే. దానికి మనవడు పుట్టినాడు,” అని ప్రతి అరుగు దగ్గరా ఆగి చెప్పాడు.

బొడ్డమ్మ ఇంటి దగ్గర గుంపు పనసచెట్టు కింద కూర్చుంది. ముసలమ్మ ఆ పీట తెచ్చి తాతారావుకి వేసింది. ఆయన కాసేపు దాని పక్కనే నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు.

“బొడ్డమ్మా,” అన్నాడు. “అది ఏడిసినప్పుడు నువ్వేటి సేసీదానివి?”

“నానేటి సేత్తాను బాబూ. నీల్లిచ్చీదాన్ని. మాకు కావలసినా, అక్కర్లేకపోయినా ఓ నాలుగు సేపలు కొనీదాన్ని.” ముసలమ్మ కొంచెం ఆలోచించింది. “ఎల్లీటప్పుడు గంప నెత్తికెత్తుకోడానికి రెండో మనిసి సెయ్యి కావాల కదా. ఆ సెయ్యి ఏసీదాన్ని.”

తాతారావు తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. “నానొక్కనాడూ ఏయలేదు,” అన్నాడు.

ఆయన ఆ పీట మీంచి లేచేసరికి అరగంట గడిచింది, ఆ పూట మేం ఆలస్యంగా కదిలాం. ఆ అరగంట ఎందుకైందో నేను ఆయన్ని సంజాయిషీ అడగలేదు.